ప్రీఆంప్ లేకుండా డాక్ నుంచి నేరుగా పవర్ ఆంప్‌కు: కొన్నేళ్ల వాడకం తర్వాత

కొన్నేళ్లుగా నా డాక్‌కూ (డిజిటల్ సంగీతాన్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం), స్పీకర్లను నడిపే పవర్ ఆంప్‌కూ మధ్య ప్రీఆంప్ (ఏ పరికరం నుంచి వినాలో ఎంచుకోవడానికి, ధ్వని స్థాయిని సర్దడానికి వాడేది) లేదు. ధ్వనిని పెంచడం, తగ్గించడం అంతా డాక్‌లోని డిజిటల్ వాల్యూమ్‌తోనే. ఈ పద్ధతి బాగుందనే అంటాను. అయితే ఆ బాగు ప్రీఆంప్‌ను తీసేసినంత మాత్రాన రాలేదు, గెయిన్ (సిగ్నల్‌ను ఆంప్ ఎన్ని రెట్లు పెంచుతుందనే) లెక్క సరిచేసుకున్నాక వచ్చింది.

డాక్ గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తుంది. సీడీ ప్లేయర్ల కాలం నుంచీ వాడుకలో ఉన్న స్థాయి ఇదే. నా ఆంప్ గెయిన్ 26 డెసిబెల్స్, అంటే వచ్చిన వోల్టేజీని 20 రెట్లు చేస్తుంది కనుక, 8 ఓంల స్పీకర్ మీద దాని పూర్తి 60 వాట్లు రావడానికి 1.1 వోల్టు చాలు. అందువల్ల రాత్రిపూట వినేటప్పుడు వాల్యూమ్‌ను 40 డెసిబెల్స్‌కు పైగా దించాల్సి వచ్చేది. 6 డెసిబెల్స్‌కు ఒక బిట్ చొప్పున ఏడు బిట్ల సూక్ష్మత పోయినా, 24 బిట్ల డాక్‌లో ఇంకా 17 మిగులుతాయి కనుక 16 బిట్ల రికార్డింగుకు నష్టమేమీ ఉండదు. చిక్కంతా డాక్ అనలాగ్ భాగంలో పుట్టే సన్నని రొదతోనే, ఎందుకంటే వాల్యూమ్ దించినా అది తగ్గదు. గాయకుడు ఆలాపన మధ్య ఆగినప్పుడు, తంబురా శ్రుతి వెనుక ట్వీటర్ (పై స్వరాలను పలికే చిన్న స్పీకర్) నుంచి బుసలాంటి చప్పుడు వినిపించేది.

ఆంప్ ఇన్‌పుట్ దగ్గర 12 డెసిబెల్స్ స్థిర అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ను తగ్గించేవి) పెట్టాక ఆ రొద నాలుగో వంతుకు దిగి, నేను కూర్చునే చోటికి వినిపించడం మానేసింది. దీనివల్ల గరిష్ఠ శక్తి కూడా 12 వాట్ల దగ్గర ఆగిపోతుంది. నా చిన్న గదికి అది చాలు, పెద్ద హాలుకు చాలదు.

ప్రీఆంప్‌ను మళ్లీ మధ్యలో పెట్టి పోల్చేటప్పుడు, 100 హెర్ట్జ్ స్వరాన్ని మోగిస్తూ స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో కొలిచి రెండు స్థాయిలనూ సమం చేశాను. కాస్త గట్టిగా మోగేదే మెరుగనిపిస్తుంది కనుక, ఈ పని చేయని పోలికలను నేను నమ్మను. సమం చేశాక మృదంగం ఎడమ ముఖమైన తొప్పి మీది గుంకీ అనే బరువైన నాదంలో నాకు తేడా దొరకలేదు. ప్రీఆంప్ లేకపోతే బాస్ పలచబడుతుందనే మాట చాలామంది అంటారు గానీ, డాక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్ ప్రవాహానికి ఉండే అడ్డు) 100 ఓంలు, అటెన్యుయేటర్‌తో కలిపి ఆంప్ వైపు కనీసం పదివేల ఓంలు ఉన్నప్పుడు అలా జరగడానికి కారణం కనిపించదు.

జాగ్రత్త పడవలసింది వాల్యూమ్ విషయంలో. కొన్ని డాక్‌లు రీసెట్ అయ్యాక పూర్తి స్థాయిలో మొదలవుతాయి, అప్పుడు స్పీకర్లను కాపాడేది ఆ అటెన్యుయేటర్లే. ముందు డాక్‌ను, చివరికి ఆంప్‌ను ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు ఆంప్‌నే ఆపాలి. కరెంటు పోయినప్పుడు కూడా ఆంప్ స్విచ్ వెంటనే కట్టేస్తాను, లేకపోతే కరెంటు రాగానే రెండూ ఒకేసారి లేచి డాక్ చేసే టప్ అనే శబ్దం నేరుగా స్పీకర్లకు చేరుతుంది.

ఎల్‌పీ ప్లేయర్, ట్యూనర్ కూడా కలిపి వాడేవారు ప్రీఆంప్‌ను అమ్ముకోవద్దు.