వార్మ్ గేర్ సెట్ కొన్నారా? షాఫ్ట్‌కు బిగించకముందే పిచ్ కొలవండి

ఇంట్లో లేత్ పెట్టుకుని రోటరీ టేబుల్‌కి (పనిముక్కను బిగించి కోణాల లెక్కన తిప్పే బల్లకి) మోటార్ డ్రైవ్ తయారుచేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాలాగా ఇంకెవరూ మోసపోకూడదు.

ఆన్‌లైన్‌లో వార్మ్ (స్క్రూలా మరలుండే గేర్), దాంతో తిరిగే పళ్ల చక్రం వార్మ్ వీల్, రెండూ ఉన్న సెట్ తెప్పించాను. మాడ్యూల్ (పళ్ల సైజు చెప్పే అంకె) 1, 40 పళ్లు, ఫాస్ఫర్ బ్రాంజ్ వీల్ అని రాశారు. చూడ్డానికి మెరిసిపోతోంది. వార్మ్‌కి కీవే (షాఫ్ట్ మీద జారకుండా పట్టే గాడి) కోసి, షాఫ్ట్‌కు బిగించి, స్టెప్పర్ మోటార్ తగిలించాను. వార్మ్ తిరిగే ప్రతి చుట్టులోనూ ఒకచోట పట్టేస్తోంది, మోటార్ స్టెప్పులు తప్పుతోంది. లోపం మోటార్‌ని నడిపే డ్రైవర్ బోర్డుదేమో అనుకుని కరెంట్ పెంచాను. వేగం తగ్గించాను. పెద్ద మోటార్ కూడా మార్చాను. మూడు వారాలు ఇదే టెన్షన్. వార్మ్‌ని కాస్త వెనక్కి జరిపితే పట్టేయడం పోతుంది గానీ, టేబుల్‌ని చేత్తో ఊపితే కదిలిపోతుంది. అంత బ్యాక్‌లాష్‌తో, అంటే పళ్ల మధ్య అంత వదులుతో, ఏం కోస్తాం?

చివరికి వార్మ్ విప్పి వెర్నియర్ పెట్టాను. ఒక మర అంచు నుంచి పదకొండో మరకి అదే వైపు అంచు దాకా, అంటే పది పిచ్‌లు (ఒక మర నుంచి పక్క మరకి ఉన్న దూరం ఒక పిచ్). 31.4 మి.మీ. రావాలి. సరిగ్గా 30 వచ్చింది! మాడ్యూల్ 1 వార్మ్‌కి పిచ్ 3.1416 మి.మీ. ఉండాలి. వీళ్లు మామూలు 3 మి.మీ. థ్రెడ్ కోసి అంటగట్టారు. ఒక పిచ్‌లో 0.14 తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ ఒకేసారి మూడు పళ్లు పట్టులో ఉంటే మొదటిదానికీ మూడోదానికీ మధ్య అది 0.28 అవుతుంది. ఇక పట్టేయక ఏం చేస్తుంది?

అమ్మినవాళ్లని అడిగితే, నూనె వేసి కొన్నాళ్లు తిప్పండి, అరిగి సర్దుకుంటుంది అన్నారు. గట్టిగా నిలదీస్తే, కీవే కోశారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. అందుకే చెబుతున్నాను, పార్సిల్ విప్పిన రోజే కొలవండి, వెర్నియర్ అంకె కనిపించేలా ఫోటో తీసుకోండి, అప్పటిదాకా దాని మీద ఒక్క గీత కూడా పడనివ్వకండి. కొనకముందే ఆ ఫోటో అడిగితే ఇంకా మంచిది. పది పిచ్‌లకి 33.25 మి.మీ. దగ్గర వస్తే అది 24 డీపీ (అంగుళాల లెక్క సైజు) వార్మ్, మాడ్యూల్ 1 వీల్‌తో అదీ కుదరదు. వీల్ నిజంగా బ్రాంజేనా అని చూడ్డానికి అయస్కాంతాన్ని నమ్ముకోకండి. అది ఇనుమును పట్టిస్తుంది గానీ, ఇత్తడికీ బ్రాంజ్‌కీ తేడా చెప్పదు.

ఆ వార్మ్ పక్కన పడేసి కొత్తది నేనే కోసుకున్నాను. లేత్‌ని 2 మి.మీ. పిచ్‌కు పెట్టి, 44 పళ్ల గేర్ 28 పళ్లదాన్ని తిప్పేలా అదనంగా కలిపితే 3.1429 వస్తుంది, ఈ పనికి అది చాలు. అదే వీల్, అదే పాత చిన్న మోటార్, ఇప్పుడు ఎక్కడా పట్టేయడం లేదు.