ఆరేళ్ల 24 ఎఫ్/1.4: బ్లర్ కోసం కొన్నాను, చీకటి కోసం ఉంచుకున్నాను

“ఇంత వైడ్ లెన్సుకి ఎఫ్/1.4 దేనికి?” అని అడిగినవాళ్లందరికీ మొదటి రెండేళ్లూ నేను తప్పు జవాబే చెప్పాను. బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోతుంది, మనిషి ఫ్రేములోంచి లేచి వచ్చినట్టు ఉంటాడు అనేవాణ్ణి. నేను కొన్నదీ అందుకే. 24 ఎం.ఎం. (ఎక్కువ చోటుని ఫ్రేములోకి పట్టే వైడ్ లెన్సు), ఎఫ్/1.4 (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుని అంత వెలుతురు లోపలికి రానిస్తుంది), ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్), డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) కాలం నాటి డిజైన్. ఆరేళ్లయింది. రెండున్నరేళ్ల కిందట అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారినప్పుడు అడాప్టర్ తగిలించి దాన్నే వాడుతూ, పక్కన ఒక 20 ఎం.ఎం. ఎఫ్/1.8 కూడా చేర్చాను. వీటి కంపెనీ పేర్లు కావాలనే రాయడం లేదు. పేరు బయటపెడితే చర్చ లెన్సుని వదిలేసి కంపెనీల కొట్లాటలోకి దిగుతుంది.

ముందు బ్లర్ సంగతి. 24తో మీటరు దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ పెడితే, ఎఫ్/1.4 దగ్గర షార్ప్‌గా వచ్చే మందం దాదాపు 15 సెంటీమీటర్లు. బాగానే ఉందనిపిస్తుంది. మూడు మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే ఆ మందం సుమారు 1.4 మీటర్లయి కూర్చుంటుంది. ఇక 85 ఎం.ఎం. ఎఫ్/1.8తో పోల్చి చూడండి. మనిషి రెండు ఫొటోల్లోనూ ఒకే సైజులో కనబడాలంటే 85తో మూడున్నర మీటర్ల దూరాన నిలబడాలి. అప్పుడు ఎక్కడో వెనకాల వెలిగే బల్బు సెన్సర్ మీద 1.2 ఎం.ఎం. వెడల్పు చుక్కగా పరుచుకుంటుంది. 24 ఎఫ్/1.4తో మీటరు దూరం నుంచి తీస్తే ఆ చుక్క 0.4 ఎం.ఎం. దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్ నంబరు చిన్నదే, బ్లర్ మాత్రం మూడో వంతు. ఈ లెక్క కొనకముందు వేసుకుని ఉంటే బాగుండేది. వేసుకోలేదు.

అలాగని ఆ కొద్దిపాటి బ్లర్‌ని తీసిపారెయ్యలేను. 85 వెనకున్న చోటుని రంగుల ముద్ద చేసేస్తుంది. 24 అలా చెయ్యదు. మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్న పిల్లని దగ్గర్నుంచి తీశాననుకోండి, వెనక మెట్లు, గోడ, కిటికీలోంచి పడే వెలుతురు అన్నీ మెత్తబడతాయి గానీ మెట్లు మెట్లుగానే, కిటికీ కిటికీగానే తెలుస్తుంటాయి. మనిషీ ఉంటుంది, ఇల్లూ ఉంటుంది. దీనికోసం నేను ఎఫ్/1.4 వాడతాను. కానీ ఇది ఎఫ్/1.8లోనూ ఇంచుమించు ఇలాగే వస్తుంది. పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప నేనే పోల్చుకోలేను.

ఇంత దగ్గరికెళ్లి తీసేటప్పుడు మొహాల్ని ఫ్రేము అంచులకి రానివ్వకూడదు. సాగదీస్తుంది. అది ఆ లెన్సు లోపం కాదు, వైడ్ యాంగిల్ పద్ధతే అంత. ఒక గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ మా పెద్దమ్మ, “నన్నెందుకురా అంత అడ్డంగా తీశావు” అని ఇప్పటికీ అడుగుతుంది. అదే ఫొటోలో మరో తప్పు కూడా ఉంది. వరసలో అందరూ ఒకే గీత మీద నిలబడ్డారు కదా అని ఎఫ్/1.4 పెట్టాను. మధ్యలో వాళ్లు సూదిమొనల్లా వచ్చారు, రెండు చివర్ల వాళ్లు మెత్తబడ్డారు. ఇలాంటి లెన్సుల్లో ఫోకస్ పడే తలం చదునుగా ఉండదు, కాస్త వంగి ఉంటుంది. అందరినీ నిలబెడితే ఎఫ్/4 కంటే తక్కువకి దిగడం అప్పటినుంచి మానేశాను.

అసలు పని చీకట్లో మొదలైంది. నాకు తెలిసినవాళ్లు నాటకాలు వేస్తారు, రిహార్సల్స్ తియ్యమని పిలిచారు. స్టేజీ లైట్లు ఇంకా కట్టలేదు, పైన రెండు బల్బులు. ఫ్లాష్ వద్దన్నారు. ఎఫ్/2.8 జూమ్‌తో షట్టర్ 1/60 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 6400. నటుడు చెయ్యి ఊపితే చెయ్యి మాయం. 24 బిగించాను. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/1.4కి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెండింతలు), అంటే నాలుగింతల వెలుతురు. అదే ఐఎస్ఓ మీద షట్టర్ 1/250కి ఎక్కింది. చేతి వేళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. వైడ్ లెన్సుకి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (షార్ప్‌గా వచ్చే మందం) ఎక్కువని మొదట్లో తిట్టుకున్నాను కదా, అక్కడ అదే కాపాడింది. నాలుగైదు మీటర్ల దూరంలో ఇద్దరు నటులు కాస్త ముందూ వెనకా నిలబడ్డా ఎఫ్/1.4లోనే ఇద్దరూ అందారు. 85 ఎఫ్/1.4తో ఆ పని జరగదు, ఒకరినే ఎంచుకోవాలి.

ఇక్కడ ఎప్పుడూ వచ్చే వాదన ఒకటుంది: కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది, ఐదారు స్టాపులు కలిసొస్తుంది, ఇంకా ఎఫ్/1.4 ఎందుకు అని. స్టెబిలైజేషన్ నా చెయ్యి వణుకుని ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికని ఆపదు. అసలు 24 ఎం.ఎం. లెన్సు చెయ్యి వణుకుని పెద్దగా పట్టించుకోదు. జాగ్రత్తగా పట్టుకుంటే 1/25లో కూడా నిలబడుతుంది. రాత్రిపూట ఖాళీ వీధి, భవనం, లోపలి గది తీసేవాళ్లకి ఆ వాదన నూటికి నూరుపాళ్లూ సరైనదే, వాళ్లకి ఎఫ్/2.8 జూమ్ చాలు. ఫ్రేములో కదిలే మనుషులుంటే మాత్రం వెలుతురే కావాలి, వేరే దారి లేదు.

రెండో వాదన కొంచెం గట్టిది. కెనన్ 1975లోనే ఎఫ్.డి. మౌంటుకి (లెన్సు కెమెరాకి బిగిసే అమరిక) 24 ఎం.ఎం. ఎఫ్/1.4 తెచ్చింది, ఆస్ఫెరికల్ (పూర్తి గోళాకారం కాని వంపున్న) గాజుతో. అప్పట్లో మామూలుగా చేతికందే ఫిల్ము ఐఎస్ఓ 400, దాన్ని ఎక్కువ ఐఎస్ఓ ఉన్నట్టు సాగదీసి వాడేవాళ్లు. ఆ రోజుల్లో ఎఫ్/1.4 అంటే ఫొటో రావడానికీ రాకపోవడానికీ మధ్య తేడా. ఇప్పుడు ఐఎస్ఓ 6400ని ఎవరూ లెక్కచెయ్యరు, నాయిస్ (ఫొటోలో ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు) తీసే సాఫ్ట్‌వేర్ ఇంకో స్టాపు ఇచ్చేస్తోంది. నిజమే. ఎఫ్/1.4కీ ఎఫ్/1.8కీ తేడా మూడింట రెండొంతుల స్టాపు, ఐఎస్ఓలో చెప్పాలంటే 4000కీ 6400కీ ఉన్నంత. ఆ తేడా ఫొటోలో కనిపెట్టమంటే నేను ఓడిపోతాను.

పైగా ఆ ఎఫ్/1.4 ఫ్రేము మధ్యలో మాత్రమే ఎఫ్/1.4. నా లెన్సులో మూలలు దాదాపు రెండు స్టాపులు చీకటి. అంటే మూలల్లో నాకు అందుతున్నది ఎఫ్/2.8 వెలుతురే. కంప్యూటర్‌లో లెన్సు లోపాల్ని సరిదిద్దే ప్రొఫైల్ టిక్కు పెట్టగానే మూలలు తెల్లబడతాయి, ఆ తెల్లదనంతో పాటు నాయిస్ కూడా పైకి తేలుతుంది. స్టేజీ మీద మూలలు నల్లగా ఉన్నా నష్టం లేదు, బాగుంటుంది కూడా. ఆకాశం దగ్గరికొస్తే బాధ.

నక్షత్రాల కోసం ఈ లెన్సు కొనేవాళ్లు చాలామంది, వాళ్ల లెక్క ఇలా ఉంటుంది. చుక్కలాంటి నక్షత్రానికి ఎఫ్ నంబరు కంటే వెలుతురు దూరే కన్నం వెడల్పు ముఖ్యం. 24ని 1.4తో భాగిస్తే 17 ఎం.ఎం., 20ని 1.8తో భాగిస్తే 11. వైశాల్యంలో రెండింతలకు పైనే తేడా. కాగితం మీద 24దే గెలుపు. ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/1.4లో తీసి, మూలలు పెద్దవి చేసి చూశాను. ప్రతి నక్షత్రానికీ రెక్కలు మొలిచాయి, పిట్టలు ఎగురుతున్నట్టు. దీన్ని కోమా అంటారు. ఎఫ్/2కి దించితే రెక్కలు చాలావరకు ముడుచుకుంటాయి, ఎఫ్/2.8కి పూర్తిగా. కానీ ఎఫ్/2 దగ్గర కన్నం 12 ఎం.ఎం. అవుతుంది. 20 ఎఫ్/1.8ని నేను పూర్తిగా తెరిచే వాడతాను, దాని మూలలు శుభ్రంగానే ఉంటాయి. పన్నెండుకీ పదకొండుకీ పెద్ద తేడా ఏముంది? పైగా 20 ఇంకా ఎక్కువ ఆకాశాన్ని పడుతుంది, 84 డిగ్రీలకి బదులు 94. ఎక్స్‌పోజర్ కూడా కొంచెం ఎక్కువసేపు ఇవ్వొచ్చు. 500ని ఫోకల్ లెంగ్తుతో భాగించే పాత లెక్కలో 24కి ఇరవై సెకన్లు, 20కి ఇరవై ఐదు. ఇప్పటి సెన్సర్ల మీద అంత ఇస్తే నక్షత్రాలు గీతలవుతాయి, నేను అందులో సగమే వాడతాను. ఏదేమైనా ఆకాశం పని పూర్తిగా 20కి అప్పగించేశాను.

డీఎస్ఎల్ఆర్‌తో ఉన్న రోజుల్లో ఆటోఫోకస్ నన్ను ఏడిపించింది. దగ్గర మనిషికి సరిగ్గా పడితే దూరం మనిషికి వెనక్కి జారేది. కెమెరాలో ఉండే ఫైన్ ట్యూన్ (ఫోకస్ తప్పుని సర్దే సెట్టింగు) ఒక్క విలువే ఇస్తుంది, నాకు రెండు కావాలి. సర్వీసుకి ఇస్తే “అంతా ప్రమాణాల లోపలే ఉంది” అన్న కాగితంతో తిరిగొచ్చింది. చివరికి లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) తియ్యడమే అలవాటయింది. మిర్రర్‌లెస్‌కి మారిన రోజే ఆ జబ్బు పోయింది, ఎందుకంటే ఫోకస్ కొలిచేది ఫొటో తీసే సెన్సరే. లెన్సు అదే, తప్పు లెన్సుది ఒక్కదానిదే కాదని అప్పుడు తెలిసింది. అందుకే డీఎస్ఎల్ఆర్ నాటి పాత సమీక్షల్లో “ఫోకస్ నమ్మలేం” అన్న మాట కనబడితే కొంచెం తగ్గించి చదవండి.

బరువు మీద నాకు వాదన లేదు, ఓటమి ఒప్పుకుంటున్నాను. అడాప్టర్ కలిపితే 750 గ్రాములు పైమాటే, ముందుకు వాలుతుంది. అద్దం అడ్డున్న కెమెరాలకి వైడ్ లెన్సు చెయ్యాలంటే వెనకాల చాలా చోటు వదలాలి. కెనన్ ఈఎఫ్ మౌంటుకి, లెన్సు బిగిసే చోటు నుంచి సెన్సర్ దాకా, ఆ దూరం 44 ఎం.ఎం., సోనీ ఈ మౌంటుకి 18. ఆ చోటు కోసమే గాజు మీద గాజు పేర్చేవాళ్లు. సిగ్మా 2015లో తెచ్చిన 24 ఎఫ్/1.4 ఆర్ట్ 665 గ్రాములు, సోనీ 2018లో మిర్రర్‌లెస్‌కి తెచ్చిన 24 ఎఫ్/1.4 జీఎం 445. ఇవాళ కొత్తగా కొనేవాళ్లు నాలాగా పాతదాన్ని అడాప్టర్‌తో మొయ్యక్కర్లేదు.

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి నేను చెప్పే పని ఒకటే. మీ జూమ్‌తో తీసిన పాత ఫొటోలు తెరవండి. 24 దగ్గర తీసినవి, ఐఎస్ఓ 6400 తాకినవి, కదిలే మనుషులున్నవి వేరు చెయ్యండి. అవి గుప్పెడు కూడా లేకపోతే ఎఫ్/1.8 తీసుకోండి, మిగిలిన బరువుకి ఒక 85 కలుపుకోవచ్చు. నావి అలా వేరు చేస్తే దాదాపు అన్నీ ఆ రిహార్సల్ గదివే వచ్చాయి. రోజువారీ కెమెరా మీద ఉండేది 20యే.

24ని అమ్మేద్దామని రెండుసార్లు డబ్బాలో సర్దాను. రెండుసార్లూ రిహార్సల్ పిలుపు వచ్చింది. ఫోకస్ రింగు రబ్బరు వదులైతే మొన్న రెండువైపులా అంటుకునే టేపు వేసి బిగించాను. అమ్మే ఉద్దేశముంటే కొత్త రబ్బరు తెప్పించేవాణ్ణి.