చొల్లు ఆపే కిట్టు కొనబాకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు తల్లుల గ్రూపుల్లో ‘మూడు రోజుల్లో చొల్లు బంద్’ అని తిప్పుతున్నారే, ఆ కిట్టు గురించే. అమ్మే ఆమె ఎవరో ఆ గ్రూపుల్లో అందరికీ తెలుసు. 850 రూపాయలు. ఒక ట్యూబు, మెడలో వేసే పూసల దండ.

ట్యూబు మీద పాపాయి బొమ్మ స్టిక్కరు ఉంటుంది. మూల పట్టి గోటితో లాగండి, ఊడొస్తుంది. కింద అసలు అచ్చు: కోలిన్ సాలిసిలేట్ (నొప్పి తగ్గించేది), లిగ్నోకైన్ (మొద్దుబార్చేది). పెద్దోళ్ల నోటిపూతకి పూసే జెల్లు అది. దాన్ని మా ఏడు నెలల బిడ్డకి అమ్మారు! ఇదేందమ్మా అని అమ్మినామెకి ఫోన్ చేస్తే, ‘మీ బిడ్డకే ఏదో తేడా ఉండాది, డాక్టరుకి చూపించుకోండి, నా సరుకుని అనబాకండి’ అని పెట్టేసింది. ఆ తర్వాత నంబరు బ్లాక్. పసిబిడ్డని అంత మాట ఎట్టా అనబుద్ధయింది? స్టిక్కరు అతికించిన మనిషికి కింద ఏముందో తెలీదా? రెండు పూటలు పూశాక గానీ లేబులు చదవకపోవడం నా తప్పే.

లిగ్నోకైన్ చొల్లుతో పాటు గొంతులోకి దిగి మొద్దుబారుస్తుంది, మింగడం ఇంకా తప్పుతుంది. జెల్లు కాసేపటికే కారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పూస్తాం. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. పళ్లొచ్చే పిల్లలకి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లోనే హెచ్చరించింది. కోలిన్ సాలిసిలేట్ ఆస్పిరిన్ జాతిది. 16 ఏళ్లలోపు వాళ్ల నోటికి పూయొద్దని బ్రిటన్ 2009లో చెప్పింది. ట్యూబు మీద బెంజోకైన్ (ఇంకో మొద్దుబార్చే మందు) అని ఉన్నా రెండేళ్లలోపు బిడ్డకి వద్దు, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది. పూసల దండ నిద్రలో మెడకి బిగుసుకోవచ్చు, తెగితే పూస గొంతులో పడొచ్చు.

అసలు ఆ వయసులో చొల్లు జబ్బే కాదు. మూడో నెల దాటాక లాలాజలం ఎక్కువ ఊరుతుంది, బిడ్డకి మింగడం ఇంకా కుదరదు, ఆపడానికి ముందు పళ్లుండవు. ఏడాదిన్నర, రెండేళ్లకి తగ్గిపోతుంది. నాలుగేళ్లు దాటినా పగలు కారుతుంటే ముక్కు దిబ్బడ, అడినాయిడ్లు (ముక్కు వెనక పెరిగే కండ), నోటి కండరాల బలహీనత చూపించాలి. పెద్దోళ్లలో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉంటే ఊరేది పెరగదు, మింగడం మందగిస్తుంది. కొన్ని మానసిక వైద్యం మందులకీ, ముఖ్యంగా క్లోజపైన్‌కి, రాత్రిళ్లు దిండు తడుస్తుంది.

వీటికి మాత్రం ఆగబాకండి: ఉన్నట్టుండి మూతి వంకర పోయి ఒక పక్క నుంచి కారడం. మిరప చేలో పురుగుమందు కొట్టొచ్చిన మనిషికి చొల్లు, చెమట, కంటిపాప చిన్నదవడం. ఆడుకుంటున్న బిడ్డ హఠాత్తుగా చొల్లు కారుస్తూ నీళ్లు కూడా మింగలేకపోవడం. గొంతులో బటన్ బ్యాటరీ (బిళ్లలాంటి చిన్న బ్యాటరీ) ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలుతుంది. వాంతి చేయించబాకండి, 108కి చేయండి.

పళ్ల దురదకి ఫ్రిజ్‌లో చల్లబరిచిన శుభ్రమైన తడిగుడ్డ, కడుక్కున్న వేలితో చిగురు రుద్దడం చాలు. గడ్డాన్ని రుద్ది తుడవకుండా గుడ్డతో అద్ది, పల్చగా వ్యాజిలిన్ రాయండి. కొనేసిన వాళ్లు స్టిక్కరు, కవరు పారేయకుండా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.