కొలతలు వేసే నా లిస్ప్ ఫైలు: పదేళ్లు వాడాక

మాది పాలకొల్లు. ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో గోడలు గీయడానికి గంట పడితే డైమెన్షన్లు, అంటే కొలతలు, వేయడానికి రెండు గంటలు పట్టేది. ఆ విసుగులోనే 2014లో, ఆటోక్యాడ్ చేత మనక్కావలసిన పనులు చేయించే ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్ నేర్చుకుని, డైమెన్షన్ల కోసం సొంతంగా ఒక ఫైలు రాసుకున్నాను. ఇప్పుడందులో పదకొండు కమాండ్లున్నాయి. రోజూ వాడేవి మూడే. మిగతావి తీసేయడానికి మనసు రాక ఉంచాను, అంతే.

ఆటోలిస్ప్ కొత్తదేం కాదు, 1986 నుంచీ ఆటోక్యాడ్‌లో ఉంది. ఆటోక్యాడ్‌లోనే చవక రకమైన ఎల్‌టీ వాడేవాళ్లకు మాత్రం 2024 వెర్షన్‌తోనే వచ్చింది. పాత ఎల్‌టీ ఉన్నవాళ్లు ఇది చదివి ఆశ పడొద్దు.

మొదటి కమాండు పని ఇది. ప్లాన్ మీద అడ్డంగా ఒక గీత లాగుతాను. ఆ గీత గోడల లేయర్లో, అంటే గోడలకని విడిగా పెట్టుకున్న పొరలో, ఉన్న గీతల్ని ఎక్కడెక్కడ కోస్తుందో లిస్ప్ వెతికి, ఆ బిందువుల్ని వరసలో పెట్టి, గోడ మందం, గది లోపలి కొలత, మళ్లీ గోడ మందం అంటూ గొలుసుగా డైమెన్షన్లు వేసేస్తుంది. ఒకేసారి చాలా కొలతలు వేసే క్యూడిమ్ అనే కమాండు ఆటోక్యాడ్‌లోనే ఉండగా ఇదెందుకని అడుగుతారు. క్యూడిమ్ మంచిదే, కానీ మనం పట్టుకున్న ప్రతి గీత కొసనీ లెక్కలోకి తీసుకుంటుంది. మంచం, సింకు గీతలు పొరపాటున తగిలితే వాటికీ కొలత పడుతుంది. నాది గోడల లేయర్ తప్ప ఇంకోటి చూడదు.

ఇందులో దెబ్బలూ తిన్నాను. గీతకు తగిలేవాటిని వెతికే ఆ పద్ధతి తెర మీద కనిపిస్తున్నవాటినే నమ్మకంగా పట్టుకుంటుంది. ఒకసారి బాగా జూమ్ చేసి ఉండగా కమాండు ఇచ్చాను. తెర బయట ఉండిపోయిన వంటింటి గోడ లెక్కలోకి రాలేదు, హాలుకీ వంటింటికీ కలిపి ఒకటే కొలత పడింది. ప్రింటు తీసేముందు కంటపడింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు కమాండు ముందు మొత్తం ప్లాన్ కనిపించేలా జూమ్ చేసుకుని, పనయ్యాక పాత చోటికి తెస్తుంది.

అసలు తంటా మా నేలతో వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని వెంట వచ్చిన కాలవలు, పంట బోదెలు పల్లం ఎటుంటే అటు తిరిగాయి. వాటి గట్టు పక్క స్థలాలు మూలమట్టానికి ఎక్కడ నిలుస్తాయి? పది స్థలాలొస్తే అందులో నాలుగు క్రాసే. నేను మొదట్లో అన్నిటికీ లీనియర్ డైమెన్షన్, అంటే తిన్నగా అడ్డంగానో నిలువుగానో మాత్రమే కొలిచేది, రాశాను. 40 అడుగుల హద్దు ఐదడుగులు పక్కకి వాలిందనుకోండి, లీనియర్ దాన్ని 39 అడుగుల 8 అంగుళాలుగా చూపిస్తుంది. పైగా నేను గీత కాస్త వంకరగా లాగితే తొమ్మిదంగుళాల గోడ తొమ్మిదింపావు అయి కూర్చునేది. అందుకని హద్దులకు, గీత వాలు వెంటే కొలిచే అలైన్డ్ పెట్టాను. గోడలకేమో, నా గీత ఎలా ఉన్నా, మొదట తగిలిన గోడ దిక్కు చూసుకుని దానికి లంబంగా కొలిచేలా మార్చాను. నెల పట్టింది. ఆ నెల రోజులూ చేత్తో వేసుకుంటే ఎన్నో ప్లాన్లు తెమిలేవి, అది వేరే సంగతి.

క్రాస్ స్థలాల్లో ఇంకో చిక్కు. సర్వే మీటర్లలో వస్తుంది, మేం అడుగులు, అంగుళాల్లో గీస్తాం. మూడు గదులు ఒక్కొక్కటి 11 అడుగుల 4.4 అంగుళాలు వచ్చాయి. అంగుళానికి సర్దితే కాగితం మీద ఒక్కోటి 11 అడుగుల 4 అంగుళాలు, కూడితే 34 అడుగులు. కింద మొత్తం కొలత మాత్రం 34 అడుగుల ఒక అంగుళం. తాపీ మేస్త్రీగారు ఫోన్ చేసి, “ఏవండీ బాబుగారూ, మీ కాయితం కూడితే అంగుళం తక్కువొస్తందండి, ఆ అంగుళం ఏ గదిలో కలపమంటారు?” అన్నారు. సిగ్గేసింది. రెండో కమాండు అలా పుట్టింది. గొలుసును కూడి, మొత్తంతో సరిపోకపోతే ఎర్రగా చూపిస్తుంది. సర్దడం దానికి అప్పగించలేదు. తేడా ఏ గోడ దగ్గర కలపాలో నేనే చూసి, గోడనే జరుపుతాను.

మూడోది ఆరు లైన్ల కమాండు, నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంటాయన పడగ్గది పదడుగులు చేయమంటాడు. మా కుర్రాడు గోడ జరపడానికి బద్ధకించి, డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ కొట్టి 10 అని టైపు చేసేస్తాడు. నేనూ చేశాను, ఇందులో ఎవరూ మడి కట్టుకున్నవాళ్లు లేరు. ఆ తర్వాత గోడ ఎంత సాగదీసినా ఆ అంకె కదలదు. అయితే అసలు కొలత ఆ డైమెన్షన్ లోపల అలాగే ఉంటుంది. డైమెన్షన్ డేటాలో ఒకటో నంబరు కోడ్ దగ్గర, చేత్తో రాసిన మాట ఉందేమో చూస్తే చాలు, దొంగ కొలతలన్నీ బయటపడతాయి. మొదటిసారి నా పాత ప్లాన్ల మీదే నడిపాను. ఒక్క ఇంట్లో ఏడు దొరికాయి.

ఎవరైనా రాయడం మొదలుపెడితే ఒక్క మాట. కమాండు మొదట్లో ఓస్నాప్, అంటే బిందువును దగ్గరున్న గీత కొసకో మూలకో దానంతటదే అతికించే ఏర్పాటు, ఆపండి, లేకపోతే బిందువులు పక్క గీతకు అతుక్కుంటాయి. కానీ మధ్యలో ఎస్కేప్ నొక్కినా అది తిరిగి ఆన్ అయ్యేలా ఎర్రర్ ఫంక్షన్ రాసి తీరాలి. అది రాయకముందు ఒక సాయంత్రమంతా స్నాప్ లేకుండా గీసుకుంటూ పోయాను. ఒక్క మూలా కలవలేదు.

మెట్లకూ, గుండ్రటి బాల్కనీకీ ఇప్పటికీ చేత్తోనే వేస్తున్నాను. మెట్లకు ఒకటి రాశాను గానీ, మేస్త్రీగారికి కావలసిన కొలత ప్రతి ఇంటికీ మారుతోంది. ఒకరు అడుగుపలక వెడల్పు అడుగుతారు, ఇంకొకరికి మొత్తం ఎత్తూ మెట్ల లెక్కా చెబితే చాలు. ఆ ఫంక్షన్ రెండేళ్లుగా సగంలో ఉంది.