ఆపరేషన్ అయినవాళ్లకు డబ్బా భోజనం పంపే ఆ అక్కకు డబ్బులు కడుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఎవరి గురించి రాస్తున్నానో తిరుపతిలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. పేరు రాయను, రాస్తే మా తమ్ముడు ఊరుకోడు. స్కూటీ మీద ఒక కుర్రాడు వచ్చి ఆకుపచ్చ సంచిలో నాలుగు చిన్న డబ్బాలు గేటుకు తగిలించి పోతాడు, డబ్బా మీద గుండ్రటి స్టిక్కర్, దాని మీద "ఆపరేషన్ తర్వాత 3వ వారం, చక్కెర లేదు" అని అచ్చు. ఆ అక్కే.

కథంతా మొదటి నుంచీ చెప్పే ఓపిక లేదు. చెన్నైలో మినీ బైపాస్ అయింది, గుండెది కాదు, కడుపును చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్. 118 కిలోలు, షుగర్, మోకాళ్లు, మనందరిదీ ఒకటే పాట కదా. ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు అమ్మ పలమనేరు నుంచి వచ్చి ఉంది. పల్చటి మజ్జిగ, వడకట్టిన పెసరకట్టు, బెల్లం లేకుండా ఉప్పు వేసిన రాగిజావ, ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన ప్రోటీన్ పౌడరు. ఆ రెండు వారాలూ ఒక్క వాంతి లేదు. తర్వాత అక్కడ ఆవుల పని నాన్న ఒక్కడి వల్ల కాక అమ్మ వెళ్లాల్సి వచ్చింది. మా ఆయనకు వంటింట్లో స్టవ్ ఏ వైపు తిప్పితే వెలుగుతుందో కూడా తెలీదు. సరిగ్గా మెత్తటి తిండి మొదలుపెట్టాల్సిన మూడో వారంలో నేను ఈ అక్కకు ఫోన్ చేశాను.

ఎంత బాగా మాట్లాడిందో! "చెల్లీ" అంది, "నీకెందుకు టెన్షన్, నేనున్నాను కదా" అంది. 45 రోజుల ప్యాకేజీ, రోజుకు 400, మొత్తం 18,000 ముందే కట్టాలి. కట్టేశాను. అమ్మ ఫోన్లో "ఎందుకు పాపా అంత దుడ్డు పోసేది, నేను వారంలో వస్తా కదా" అంటే కసురుకున్నాను కూడా. పది రూపాయల కొత్తిమీర కట్ట కొనాలంటే నాలుగు కట్టలు తిరగేసి, వేరు వాసన చూసి, ఆఖరికి మొదటి కట్టే తీసుకునే మనిషిని నేను. 18,000 మాత్రం ముఖం కూడా చూడని మనిషికి మంచం మీద పడుకుని ఫోన్‌పే కొట్టాను. చదువుకున్నదాన్ని కదా మరి.

మూడో రోజే చికెన్ పేస్టు అని ఒకటి వచ్చింది. పేస్టు అంటే మనకు ఎట్లా ఉండాలో మీకు తెలుసు, పెరుగులాగా జారాలి. ఇందులో పీచు చేతికి తగులుతోంది. నేనేమో వడకట్టకుండా రెండో చెంచా నోట్లో పెట్టుకున్నాను. ఎదలో రాయి పెట్టినట్టు అడ్డుకుపోయింది. మింగుడుపడదు, బయటికి రాదు, నోట్లో తెల్లటి నురగ ఊరుతూనే ఉంది, గంటన్నర సింక్ దగ్గర నిలబడి ఉమ్ముతూనే ఉన్నాను. ఆ అక్కకు చెప్తే "నెమ్మదిగా తినాలి చెల్లీ, ఆత్రం పనికిరాదు" అంది. నిజమే, నాదే ఆత్రం అనుకున్నాను. నలభై ఏళ్లు ఆత్రంగా తిని 118 అయినదాన్ని, నన్ను నేను నమ్మను కదా. అక్కడే దొరికిపోతాం మనమంతా. ఏం జరిగినా ముందు మన నోటినే అనుమానిస్తాం, డబ్బాను అనుమానించం.

ఐదో రోజు నుంచి ఇంకోటి మొదలైంది. సాయంత్రం అయిదింటికి జావ తాగితే పావుగంటకల్లా ఒళ్లంతా చెమట, గుండె దడదడ, కళ్లు తిరగడం, కడుపులో మెలిపెట్టి బాత్రూంకు పరుగు. తర్వాత మంచాన పడిపోయేదాన్ని, లేచేసరికి ఏడు. బైపాస్ అయినవాళ్లకు చెప్పక్కర్లేదు, దీన్నే డంపింగ్ అంటారు. తీపి ఎక్కువున్నది తింటే కడుపులో ఆగకుండా ఒక్కసారిగా చిన్నపేగులోకి పడిపోతుంది, అక్కడికి నీరంతా లాగుతుంది. ఆసుపత్రిలో డిశ్చార్జి రోజు పుస్తకంలో గీత గీసి మరీ చెప్పారు. కానీ నేను తీపి తినడం లేదు కదా! డబ్బా మీద చక్కెర లేదని రాసి ఉంది కదా!

జావ తియ్యగా ఉందనే అనుమానం నాకు మొదటి రోజే వచ్చింది, అడిగాను కూడా. "అది స్టీవియా చెల్లీ, ఆకు నుంచి తీసేది, షుగర్ సున్నా" అంది. నమ్మాను. ఆపరేషన్ తర్వాత నాలుక రుచి మారిందని అందరూ అంటుంటే, నాకూ అట్లాగే మారి ఎక్కువ తీపి తెలుస్తోందేమో అనుకున్నాను.

ఇంకో మాట కూడా అంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. వాంతులు అవుతున్నాయంటే "ఆ మాత్రలన్నీ వేడి చేస్తాయి చెల్లీ, మా జావలో పదహారు రకాల ధాన్యాలున్నాయి, విటమిన్లు అందులోనే వస్తాయి, నాలుగు రోజులు ఆపి చూడు" అంది. ఆపాను. ఐరను, కాల్షియం, బి12, అన్నీ. బైపాస్ అయ్యాక అవి బతికినంత కాలం వేసుకోవాలని డాక్టరు చెబితే తల ఊపి వచ్చినదాన్ని, మూడో వారంలోనే ఒక వంటావిడ మాట మీద ఆపేశాను. నన్ను ఎవరైనా కొట్టాలి అసలు.

పదో రోజుకు లేవలేకపోయాను. చెన్నైకి ఫోన్ చేస్తే డాక్టరు ఆపరేషన్ గురించి అడగలేదు, "వాంతులు ఎన్నాళ్ల నుంచి? మాత్రలు వేసుకుంటున్నారా?" అని ఈ రెండే అడిగారు. చెప్పగానే ఆయన గొంతు మారిపోయింది. వెంటనే అక్కడే దగ్గరున్న ఆసుపత్రిలో చేరండి, గ్లూకోజు పెట్టేముందు విటమిన్ బి1 ఇంజెక్షన్ వేయమని చెప్పండి, నేను మాట్లాడతాను అన్నారు. వాంతులు ఆగకుండా ఉంటే బి1 పడిపోతుందట, దాన్ని చూసుకోకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు దెబ్బట. ఒక రాత్రి సెలైన్ మీద ఉన్నాను. ఇక్కడి నర్సమ్మకు దండం పెట్టాలి, ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఇంజెక్షన్ తెచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టక డైటీషియన్ ఇచ్చిన చిన్న పుస్తకం తీశాను. ఏం తిన్నాను, ఎన్ని చెంచాలు, ఎన్ని గంటలకు, తర్వాత ఏమైంది అని రాసుకునేది. మొదటి రెండు వారాలు అమ్మ ఉన్నప్పుడు శ్రద్ధగా రాశాను. ప్యాకేజీ మొదలయ్యాక కూడా రాశాను, చదవలేదు అంతే. చదివితే ఏముంది, చెమటలు పట్టిన ప్రతి రోజూ పక్కన "జావ". ఎనిమిదో రోజు నిద్రపోయి జావ తాగలేదు, ఆ రోజు ఏమీ కాలేదు. ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసుంది, ఒకసారికి ఒకే కొత్త పదార్థం, రెండు మూడు రోజులు చూశాకే ఇంకోటి అని. ఈవిడ డబ్బాల్లో రోజుకు నాలుగు కొత్తవి వస్తుంటే ఏది పడిందో, ఏది పడలేదో ఎట్లా తెలుస్తుంది? ఆ పుస్తకంలో ఉన్నది ఫోన్లో చెప్పినప్పుడు "అవన్నీ చెన్నై వాళ్ల రూల్స్ చెల్లీ" అని నవ్వింది. నేనూ నవ్వాను.

పొద్దున మా తమ్ముడు ఆసుపత్రికి వస్తుంటే ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్న జావ డబ్బా తెమ్మని, తాగి చూడమన్నాను. ఒక్క గుటక వేసి "అక్కా, ఇది జావ కాదు, పాయసం" అన్నాడు.

ఇక్కడిదాకా కూడా నేను ఇంత కోపంగా లేను. ఏదో పొరపాటు, వేరే డబ్బా వచ్చిందేమో అనుకుంటున్నాను ఇంకా. మొన్న డిశ్చార్జి అయి, చేతికి బ్యాండేజీ ఉండగానే, ఆటోలో వాళ్ల వంటింటికి వెళ్లాం. అడ్రసు ఆ డెలివరీ కుర్రాడిని అడిగితే చెప్పాడు పాపం.

ముందు గదిలో ఎవరూ లేరు. వెనక చిన్న షెడ్డు, గ్యాస్ పొయ్యి మీద ఇంత పెద్ద గిన్నెలో జావ ఉడుకుతోంది, పక్కన బేసిన్లో కొట్టిన బెల్లం. ఒక పిల్ల, పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు, కింద కూర్చుని డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తోంది. మూడు రోల్స్ ఉన్నాయి ఆ పిల్ల ముందు. ఒకటి పిల్లల స్నాక్స్, ఒకటి జిమ్ వాళ్లది, ఒకటి మనది. ఒకే గిన్నెలోంచి గరిటెతో పోయడం, మూత పెట్టడం, చేతికి ఏ రోల్ అందితే అది. నేను "మూడూ ఒకటేనా పాపా?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను కూడా పనికి వచ్చినదాన్ని అనుకుందేమో, తల ఎత్తకుండా "అంతా ఒకటే కదక్కా, స్టిక్కర్లే వేరే" అంది.

నిన్నటి నుంచి ఈ మాటే చెవిలో తిరుగుతోంది. ఆపరేషన్ అయి వచ్చిన రోజు పక్కింటావిడ కొండకు వెళ్లొచ్చి లడ్డూ తెచ్చిచ్చింది. తిరుపతిలో ఉండి ప్రసాదం వద్దంటామా? తీసుకుని కళ్లకద్దుకుని, నోట్లో చిటికెడు కూడా వేసుకోకుండా మా ఆయన చేతిలో పెట్టాను, మనసులో స్వామికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ఆ లడ్డూను అట్లా పక్కన పెట్టినదాన్ని రోజూ సాయంత్రం గ్లాసుడు బెల్లం పాకం తాగాను, అదీ డబ్బులు కట్టి.

ఆవిడ అప్పుడు బయటి నుంచి వచ్చింది. నన్ను చూసి "చెల్లీ" అనబోయి, తమ్ముడి చేతిలో ఫోన్ చూసి "చెప్పండి మేడమ్" అంది. పదకొండు రోజుల చెల్లెలిని ఒక్క క్షణంలో మేడమ్ అయిపోయాను. బెల్లం గురించి అడిగితే "బెల్లం చక్కెర కాదు కదా మేడమ్, ఆరోగ్యానికి మంచిది" అంది. స్టీవియా ఏది అంటే "అది అయిపోయింది, స్టాకు రాలేదు" అంది. ఎప్పుడు అయిపోయిందో చెప్పలేదు. నాకు అవుతున్నది చెబితే "వంద మంది తింటున్నారు, ఎవరికీ కానిది మీకే అయిందంటే మీ ఆపరేషన్ సరిగ్గా చేసుండరు" అంది. సరే, మిగిలిన 34 రోజులకు 13,600 వెనక్కి ఇవ్వండి అన్నాను. అప్పుడు అక్కడ ఎవరో ఇద్దరు డబ్బాలు తీసుకోవడానికి వచ్చి నిలబడి ఉన్నారు, వాళ్ల వైపు తిరిగి నవ్వుతూ అంది చూడండి, "మీరు తినేదే నాలుగు చెంచాలు మేడమ్, ఆ నాలుగు చెంచాలకు ఇంత లెక్కా?"

నాలుగు చెంచాలే. అందుకే కదమ్మా లెక్క! నేను రోజుకు 60 గ్రాముల ప్రోటీను ఆ నాలుగేసి చెంచాల్లోనే సర్దుకోవాలి, అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగి గుక్కగుక్కగా తాగాలి, రోజు మొత్తం అదే పని. ఆ నాలుగు చెంచాల్లో రెండు బెల్లం అయితే ఇంక నాకు మిగిలేదేంటి? ఇవన్నీ ఆ క్షణంలో నోటికి రాలేదు. ఆటోలో గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం నేను ఏడ్చాను, అది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. ఆ పిల్ల ఒక్కతే గ్లాసుతో నీళ్లు తెచ్చింది, అవి కూడా ఒక్కసారిగా తాగలేను కదా, చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

డబ్బు ఇవ్వలేదు. ఇంటికి వచ్చేసరికి నా నంబర్ బ్లాక్. నిన్న సాయంత్రం ఇంకో నంబర్ నుంచి మెసేజ్, "చెల్లీ, మా జావ ఎలా ఉంది? ఐదు స్టార్లు ఇచ్చి ప్రోత్సహించగలరు" అని. అందరికీ ఒకటే మెసేజ్ పోతుంది కాబోలు, జావ లాగానే.

అమ్మ నిన్న రాత్రి బస్సుకు వచ్చేసింది. ఏమీ అనలేదు, అంటే బాగుండేది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను, ఐరను పొద్దున, కాల్షియం మధ్యాహ్నం. డాక్టరు మళ్లీ నాలుగు రోజులు పల్చటివే తాగమన్నారు, అంటే మూడో వారం నాకు ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి. ఇవాళ పెసరకట్టు మూడు చెంచాలు. ఎక్కిళ్లు రాగానే ఆపేశాను.

సరే, కట్టాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు, మిగతాది మీ ఇష్టం. ఎవరి దగ్గరైనా డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అంటే తిండి అమ్మేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు నంబరు, ఉందో లేదో చూడండి, నాకు వచ్చిన డబ్బాల మీద లేదు, నేను ఇప్పుడు చూశాను. నెల మొత్తానికి ఒకేసారి కట్టకండి. జావ తియ్యగా ఉంటే ఇంట్లో ఎవరి చేతనైనా తాగించి చూడండి. మాత్రల గురించి వంట చేసేవాళ్లను అడగకండి, మీ డాక్టరును అడగండి. ఇప్పటికే ఆ డబ్బాలు తింటూ చెమటలు, దడ వస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ నోటిని తిట్టుకోవడం ఆపి జావ ఆపి చూడండి ముందు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. రెండు డబ్బాలు మూత తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టాను, స్టిక్కర్లతో సహా. సోమవారం తమ్ముడు ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకు తీసుకెళ్తాడు. అప్పటిదాకా మా ఆయన వాటిని తాగేయకుండా చూసుకోవాలి.