ఎస్సిటాలోప్రామ్, లామోట్రిజిన్: రెండూ వాడాక

కావలిలో కుట్టుపని చేసుకునే నాకు మొదట రాసిచ్చింది ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు. దిగులుకు వేసే మందు అది. మూడో వారానికి మనసు తేలికపడింది. ఆ తర్వాత నిద్రే పోయింది. మూడు రాత్రులు మిషను ఆపకుండా పద్నాలుగు జాకెట్లు కుట్టాను, అప్పు చేసి పట్టు గుడ్డలు తెచ్చాను. మా అమ్మ నా చేయి పట్టుకుని ఏడ్చింది. నాది దిగులు, ఉద్రేకం మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు అని, అందులో ఈ రకం మందు ఒక్కటే వాడితే ఒక్కోసారి ఉద్రేకం వైపు నెట్టేస్తుందని నెల్లూరులో మరో డాక్టరుగారు చెప్పారు.

ఆ డాక్టరుగారు రాసిచ్చిన లామోట్రిజిన్ అసలు మూర్ఛకు వచ్చిన మందు. చాలా నెమ్మది. రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు, మరో రెండు వారాలు 50, ఆపైన కొద్దికొద్దిగా పెంచారు. తొందరపడితే ప్రాణం మీదికి తెచ్చే దద్దుర్లు రావచ్చు. రోజూ పొద్దున అద్దం ముందు మెడ, నోటి లోపల చూసుకునేదాన్ని. మాత్రల అట్ట మీద పెన్నుతో తేదీలు వేసుకున్నాను, ఎందుకంటే కొన్ని రోజులు వరసగా మానితే మళ్లీ మొదటి మోతాదు నుంచే రావాలి. ఉద్రేకాన్ని అణచడం కన్నా దిగులు తిరిగి రాకుండా చూడటంలోనే దీని బలం. నాకు ఇదే మేలు. అయినా ఎస్సిటాలోప్రామ్‌ను తప్పుపట్టను, మా పిన్నికి దానితోనే నయమైంది. ఆమెది దిగులు జబ్బు ఒక్కటే. నేను ఇప్పుడు రోజుకు 200 వేసుకుంటున్నాను, రాత్రి తొమ్మిదికల్లా మిషను మీద గుడ్డ కప్పేస్తున్నాను.