1972 నోవా: నెల జీతంతో ఒక మజిల్ కారు, ఏళ్ల తరబడి నడిపాక

ముందే తేల్చి చెబుతాను. ఇంటి లోను, పిల్లల ఖర్చులు పోను మిగిలిన డబ్బుతో ఒక క్లాసిక్ మజిల్ కారును, అంటే మామూలు కారులో పెద్ద ఇంజిన్ పెట్టిన పాత అమెరికన్ బండిని, తయారు చేసుకోవచ్చు. కాకపోతే బండిని ఎప్పుడూ పూర్తిగా విప్పకూడదు. నడిచే బండినే కొని, నడుపుకుంటూ, ఒక్కో చలికాలం ఒక్కో పని ముగించుకోవాలి. మా మిషిగన్‌లో "ప్రాజెక్ట్ కారు" పేరుతో అమ్మకానికి వచ్చేవాటిని చూస్తే బాడీ ఒక మూల, ఇంజిన్ ఒక మూల, బోల్టులు కాఫీ డబ్బాల్లో ఉంటాయి. విప్పినవాళ్లు చేతకానివాళ్లేం కాదు, చాలామంది మంచి పనివాళ్లే. అయితే బండి కదలడం ఆగిపోయాక దాని మీద ఇంకో వెయ్యి డాలర్లు పెడదామంటే ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. నా బండి ప్రతి ఏప్రిల్‌లోనూ గ్యారేజి దాటి రోడ్డెక్కింది కాబట్టే ఈ పని ఇంత దూరం వచ్చింది.

బండి 1972 షెవర్లే నోవా, రెండు తలుపులది. కొన్నప్పుడు 307 వి8 ఇంజిన్ (ఇంజిన్ పేర్లలోని ఇలాంటి అంకెలు ఘనపు అంగుళాల్లో దాని పరిమాణం), టర్బో 350 అనే మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. వెనక లారీలకున్నట్టు కమాన్ కట్టలు. కొన్న ధర 9,500 డాలర్లు. ఆ తర్వాత పెట్టింది దాదాపు 9,000, అదీ కూలి లెక్క వేసుకోకుండా.

నోవాయే ఎందుకంటే, నాకూ అందరిలాగే 1969 కమారో మీదే మనసుండేది. ధరలు చూశాక ఆ ఆశ వదులుకున్నాను. కానీ 1968 నుంచి 1974 దాకా వచ్చిన నోవాకీ, 1967-69 కమారోకీ ముందు సబ్‌ఫ్రేము (ఇంజిన్‌నూ ముందు చక్రాలనూ మోసే ఇనుప చట్రం) ఒకటే తరహా. స్ప్రింగులు, కంట్రోల్ ఆర్ములు, బ్రేకులు, ఇంజిన్ మౌంట్లు, చాలావరకు అన్నీ దీనికీ దానికీ సరిపోతాయి. కమారో కోసం ఇప్పటికీ కొత్తగా తయారవుతున్న పార్టులన్నీ మనకు అందుబాటులో ఉన్నట్టే. బండి మాత్రం కమారో ధరలో సగానికి దొరికింది.

ఇంకో మాట. మజిల్ కారు పుట్టిందే పొదుపు బండిగా. 1964లో పాంటియాక్ వాళ్లు ఒక మధ్యరకం కుటుంబ కారులో పెద్ద కారుకు వాడే 389 ఇంజిన్ పెట్టి జీటీఓ చేశారు. 1968 ప్లిమత్ రోడ్ రన్నర్‌కు 383 ఇంజిన్ ఇచ్చి, లోపల కార్పెట్ కూడా వేయకుండా, 3,000 డాలర్ల లోపు మొదలుపెట్టి అమ్మారు. ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు కొనగలగాలన్నదే లెక్క. వేలంపాటల్లో లక్షలు పలికే బండ్లను చూసి "ఇది మనవల్ల కాదు" అనుకునేవాళ్లకు ఈ సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది.

1972 మోడల్ చవకగా దొరకడానికి ఒక కారణం కాగితం మీది హార్స్‌పవర్. 1971లో 200 అని చెప్పిన 307 ఇంజిన్‌కే 1972లో 130 అని రాశారు. తేడా ఎక్కువగా కొలిచే పద్ధతిలోనే. ఆ ఏడాది నుంచి సైలెన్సర్, ఫ్యాను, ఎయిర్ ఫిల్టర్ అన్నీ తగిలించి కొలిచిన నెట్ లెక్క ఇవ్వడం మొదలైంది. అందరూ పాత అంకెల వెంట పడుతుంటారు కనుక మనలాంటివాళ్లు ఈ ఏడాది బండినే చూసుకోవాలి.

కొనేటప్పుడు మాత్రం ఇంజిన్ గురించి అంత ఆలోచించక్కర్లేదు, చూడాల్సింది తుప్పు. డెట్రాయిట్ ఊరి కిందే ఉప్పు గని ఉంది, చలికాలం ఇక్కడి రోడ్లన్నీ ఉప్పుమయం. స్థానికంగా పెరిగిన బండి పైకి ఎంత మెరిసినా నేను నమ్మను. నాది ఎడారి రాష్ట్రం ఆరిజోనా నుంచి తెచ్చిన బండి. రవాణాకు అదనంగా ఖర్చయింది, సీట్లూ డ్యాష్‌బోర్డూ ఎండకు పగిలిపోయి ఉన్నాయి, అయినా రేకు గట్టిది. సీటు కవర్లు కొనుక్కోవచ్చు గానీ గట్టి రేకును కొనాలంటే వెల్డర్ కూలీ కలిసి తడిసి మోపెడవుతుంది. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం, రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లండి. వెనక చక్రాల పైభాగంలో, తలుపుల కింద అయస్కాంతం అంటకపోతే అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. నీళ్లను అద్దం ముందున్న జాలీలో మెల్లగా పోసి, లోపల కాళ్లు పెట్టుకునే చోట మ్యాటు ఎత్తి చూడాలి. తడి కనబడితే ఆ జాలీ కింది రేకు చిల్లు పడిందన్నమాట. అది బాగు చేయాలంటే ముందు రెక్కలు, అద్దం అన్నీ ఊడదీయాలి. అలాంటి బండి ఎంత చవకైనా వదిలేయడమే మంచిది.

ఇక ఖర్చు వరుస. చాలామంది మొదట ఇంజిన్, తర్వాత పెయింటు, డబ్బు మిగిలితే బ్రేకులు అంటారు. నేను సరిగ్గా తిరగేసి చేశాను. ఇన్నేళ్లు నడిపాక ఆ వరుసే సరైందన్న నమ్మకం ఇంకా గట్టిపడింది.

బ్రేకులు మొదటి చలికాలం పని. డ్రమ్ము బ్రేకులు పొడి రోడ్డు మీద ఒకసారి బాగానే పడతాయి. వెంటవెంటనే మూడుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. నీళ్లలోంచి పోయాక అయితే బండి ఒక పక్కకు లాగుతుంది. ముందు చక్రాలకు డిస్కులు, కాలి బలాన్ని పెంచే బూస్టర్, కొత్త మాస్టర్ సిలిండర్ అన్నీ కలిపి 700 డాలర్ల దాకా అయింది. కిట్ కొనేటప్పుడు డిస్కు-డ్రమ్ము కలయికకు తగినట్టు ముందు, వెనక ప్రెషర్‌ను పంచే వాల్వు అందులో ఉందో లేదో చూసుకోవాలి. అది లేకుండా బిగిస్తే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే పట్టేసి, బండి తోక ఊపుతుంది. ఈ ఒక్క పనితో బండి రోజూ నడపగలిగే స్థితికి వచ్చింది.

మొత్తం బండి మీద పెట్టిన ఖర్చులో అతి చిన్నది, అతి ఎక్కువ ఫలితం ఇచ్చింది వీల్ అలైన్‌మెంట్. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 1972 ఫ్యాక్టరీ అంకెలు ఆనాటి బయాస్ ప్లై (దారాలు ఏటవాలుగా అల్లిన పాత రకం) టైర్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. ఆ టైర్లకు కాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) దాదాపు సున్నా దగ్గరున్నా నడిచిపోయేది. మనం వేసేవి రేడియల్ టైర్లు. వాటికి అదే అంకె పెడితే హైవే మీద బండి నిలకడగా పోదు, స్టీరింగును క్షణం కూడా వదిలే వీలుండదు. షాపులో కంప్యూటరు చూపించే పాత అంకెల ప్రకారం సరిచేసి "అంతా గ్రీన్‌లో ఉంది" అని పంపించేస్తారు. మనమే ఒక కాగితం మీద మన అంకెలు రాసి ఇవ్వాలి: పాజిటివ్ కాస్టర్ 2 నుంచి 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) మైనస్ అర డిగ్రీ, టో (రెండు చక్రాల ముందు అంచుల దిశ) చాలా కొద్దిగా లోపలికి. పై కంట్రోల్ ఆర్ము బోల్టుల దగ్గర ఉండే పలచటి షిమ్ములు తీసి, వేసి ఇది సరిచేస్తారు. ఆ షిమ్ముల పని తెలిసిన పెద్దవయసు మెకానిక్‌ను వెతుక్కోవాలి. కొత్త బుష్షులు, బాల్ జాయింట్లు నేనే మార్చి, అలైన్‌మెంటుకు 150 డాలర్లు ఇచ్చాను. అంతకుముందు గంట నడిపితే భుజాలు పట్టేసేవి. ఇప్పుడు రాష్ట్రానికి పశ్చిమాన ఉన్న గ్రాండ్ రాపిడ్స్ ఊరి దాకా వెళ్లొచ్చినా అలసట ఉండదు.

తర్వాత కూలింగ్. దీనికి అసలైన పరీక్ష మా దగ్గర ఆగస్టులో జరుగుతుంది. 1995 నుంచి, 2020లో తప్ప, ఏటా డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు నడుస్తోంది. ఆ రోజు ఫెర్న్‌డేల్, రాయల్ ఓక్, బర్మింగ్‌హామ్ మీదుగా వేల పాత బండ్లు నడక వేగంతో కదులుతాయి. పక్కన బోనెట్లు ఎత్తి ఆవిరి కక్కుతున్న బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి బండ్లలో చాలావాటికి రేడియేటర్ పెద్దదే ఉంటుంది, ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్ మాత్రం ఉండదు. ష్రౌడ్ లేకపోతే ఫ్యాను లాగే గాలి పక్కల నుంచి వస్తుంది గానీ రేడియేటర్ గుండా రాదు. కొత్త అల్యూమినియం రేడియేటర్, సరిపోయే ష్రౌడ్, 400 డాలర్లు. నాకు ఆ రోడ్డు మీద టెన్షన్ తీరిపోయింది.

ఇంజిన్ సంగతి ఈ మూడూ అయ్యాకే. 307 మంచి ఇంజినే, కానీ దాన్ని బోరు చేయించి బలం పెంచడానికి పెట్టే డబ్బుతో అంతకంటే పెద్ద ఇంజినే వస్తుంది. షెవర్లే చిన్న బ్లాకు 1955లో మొదలైంది. దశాబ్దాలపాటు బయటి కొలతలు పెద్దగా మారలేదు, అదే దీని గొప్పతనం. నేను పాత ఇనుము యార్డులో 1990ల చివరి పికప్ ట్రక్కులోని 350 వోర్టెక్ (అదే చిన్న బ్లాకులో తర్వాతి రకం) ఇంజిన్ 700 డాలర్లకు తెచ్చాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ల బేరం చూసినవాళ్లకు ఇక్కడి యార్డులో కొత్తేమీ అనిపించదు. ఫ్యాక్టరీ లెక్కలో ఇది 255 హార్స్‌పవర్, నెట్. రోలర్ క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు మీద చిన్న చక్రాలు దొర్లే రకం) కాబట్టి, నేరుగా రాసుకునే పాత ఫ్లాట్ టాపెట్ క్యాములకు కావాల్సిన జింకు ఎక్కువున్న నూనె, మొదటిసారి స్టార్టు చేసినప్పుడు అరగంట వేగంగా తిప్పే తంతు, ఏవీ అవసరం లేదు. సిలిండర్ హెడ్లు కూడా పాతవాటికంటే చాలా మెరుగు.

చిక్కులు లేకపోలేదు. హెడ్లకు ఇన్‌టేక్ మానిఫోల్డ్ బోల్టుల అమరిక వేరు, దానికంటూ చేసిన మానిఫోల్డే కొనాలి. 1986 నుంచి వెనక మెయిన్ సీలు ఒకే ముక్కగా మారింది, దాంతో ఫ్లెక్స్‌ప్లేటు (ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు కలిపే పళ్లెం) బ్యాలెన్సు కూడా మారింది, పాతది బిగిస్తే ఇంజిన్ వణుకుతుంది. నాకు దొరికిన బ్లాకుకు మెకానికల్ పెట్రోలు పంపు పెట్టే చోటు లేదు, ఎలక్ట్రిక్ పంపు తప్పలేదు. ఇగ్నిషన్‌కు పాయింట్లు లేని హెచ్ఈఐ అనే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెట్టాను. దానికి పూర్తి 12 వోల్టులు కావాలి. పాత పాయింట్ల కోసం ఫ్యాక్టరీ వేసిన తీగ వోల్టేజి తగ్గించే రకం. దానికే కలిపేస్తే బండి స్టార్టవుతుంది, మెల్లగా బాగానే నడుస్తుంది, కాస్త లాగగానే మిస్‌ఫైర్ ఇస్తుంది, మనమేమో కార్బురేటర్‌ను అనుమానిస్తూ కూర్చుంటాం. ఫ్యూజు బాక్సు నుంచి విడిగా ఒక తీగ లాగితే సరి. పక్కింట్లో జీఎం (జనరల్ మోటార్స్) ప్లాంటులో రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఇంజిన్ దించే రోజు ఆయన ఇంజిన్లు ఎత్తే పాత హాయిస్ట్ తెచ్చి, దగ్గరుండి, "తొందరపడకు, బోల్టు చేత్తో పూర్తిగా తిరిగాకే పానా పట్టు" అని ప్రతి బోల్టుకూ చెప్పారు. కార్బురేటర్, హెడర్లు (పొగ బయటికి తీసే గొట్టాలు) కలుపుకుని మొత్తం 3,000 అయింది.

జీఎం కొత్త తరం వి8 అయిన ఎల్ఎస్ ఇంజిన్ వేయలేదేం అని అడుగుతారు. అది మంచి ఇంజిన్ అనడంలో సందేహం లేదు, 5.3 లీటర్ల ట్రక్కు ఇంజిన్ యార్డులో చవకే. కానీ దానితోపాటు ఆయిల్ పాన్, మౌంట్లు, వైరింగ్, కంప్యూటర్, ఎక్కువ ప్రెషర్ పెట్రోలు పంపు, అన్నీ కొనాలి. ఇంజిన్ ధర కంటే చుట్టూ ఉన్నవాటి ధరే ఎక్కువ. పైగా ఒక చలికాలంలో ముగిసే పని కాదది.

గేర్‌బాక్సు అదే టర్బో 350, రిపేరు చేయించి ఉంచేశాను. హైవే మీద ఇంజిన్ వేగాన్ని తగ్గించే ఓవర్‌డ్రైవ్ గేరు దానికి లేదు. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.08 (షాఫ్టు అన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది) కాబట్టి 65 మైళ్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 2,600 చుట్ల దగ్గర తిరుగుతుంది, చెవులకు భరించదగ్గదే. 3.73 వేస్తే పికప్ అదిరిపోతుంది గానీ అదే వేగంలో 3,100 దాటుతుంది, అప్పుడు ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సుకు ఇంకో రెండు వేలు కావాలి. ఆ దారిలోకి వెళ్లలేదు.

పెయింటు ఇప్పటికీ పాతదే. ఒక షాపువాళ్లు మొదట చెప్పిన రేటుకూ, బండి చూశాక చెప్పిన రేటుకూ రెట్టింపు తేడా ఉంది. పైగా ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేమన్నారు. వెనక రెక్కలో చిన్న తుప్పు మాత్రం ఒక టింకరింగ్ పనివాడితో కోయించి కొత్త రేకు వేయించాను.

రోజువారీ సంగతులు: మైలేజీ గ్యాలనుకు 14, హైవే మీద ఇంకాస్త. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, మొత్తం మార్చేయాలి. వేసవిలో వేడి బండిని ఆపి పావుగంటకు స్టార్టు చేస్తే మొరాయిస్తుంది, కార్బురేటర్ కింద వేడి పైకెక్కనివ్వని మందపాటి ఫినాలిక్ స్పేసర్ (ప్లాస్టిక్ లాంటి పలక) వేశాక చాలా తగ్గింది. మిషిగన్‌లో హిస్టారిక్ నంబరు ప్లేటు మీద బండిని ప్రదర్శనలకు, క్లబ్బు కార్యక్రమాలకే తిప్పాలి, ఆగస్టు నెలంతా మాత్రం ఎలాగైనా వాడుకోవచ్చు. మిగతా నెలల్లోనూ ఇష్టమొచ్చినట్టు తిప్పాలని నేను మామూలు ప్లేటే ఉంచుకున్నాను.

భద్రత విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. వెనక సీటులో నడుముకు కట్టే బెల్టు తప్ప ఏమీ లేదు, ఎయిర్‌బ్యాగు ఊసే లేదు. ముందు సీట్లకు మూడు చోట్ల పట్టే బెల్టులు బిగించాను. అయినా పిల్లల్ని పేటలో ఐస్‌క్రీమ్ షాపు దాకా తప్ప హైవే మీదికి తీసుకెళ్లను. మా ఆవిడ ఈ ఒక్క షరతు మీదే బండికి ఒప్పుకుంది, ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు సబబు.

అమ్మితే పెట్టిన డబ్బు వస్తుందా అని అడిగితే, నా లెక్కలో కొన్న ధరకు పైన కొంత వస్తుంది, మొత్తం రాదు. లాభం కోసమైతే ఇది కాదు. ఇప్పుడు కొనబోయేవాళ్లు రెండు తలుపుల బండే కావాలని పట్టుబట్టకపోతే నాలుగు తలుపుల నోవా చూడండి. కింద అంతా ఇదే సబ్‌ఫ్రేము, ఇవే బ్రేకులు, ఇదే ఇంజిన్ పడుతుంది. ధర మాత్రం బాగా తక్కువ, ఆ మిగులుతోనే బ్రేకుల పని పూర్తవుతుంది.